హ్యాండిల్‌కు కట్టిన తువ్వాల

పార కామతోని పక్క పొలం శైలేందర్ మొకం మీద కొట్టిన. పండ్లు రాలినయ్.

"తువ్వాల కనవడలేదార నీకు? మా బాపును సంపినవ్ గదరా!"

మా ఎల్లారెడ్డి దిక్కు ఎవరన్న కాలిన ఫీజు తీగ కట్టనీకి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కితే, ముందుగాల హ్యాండిల్ గుంజి కరెంటు బందు చేసి, ఆ హ్యాండిల్‌కే తువ్వాల కడ్తరు. హ్యాండిలేమో రోడ్డు కాడి స్తంభానికి ఉంటది. నడుమ మక్కచేను అడ్డం, ఆడ నిలవడి చూస్తే ఎక్కినోడు కనవడడు. అందుకే కట్టినోడు చెప్పనిది ఆ తువ్వాల ఎవ్వరు ఇప్పొద్దు.

నేను తయారు చేస్తున్న కంప్యూటర్ భాషకు పానం గదే. వంద కంప్యూటర్లు ఒక్కటే పనిల చెయ్యి పెట్టినా, గుర్తు పెట్టినోడు చెప్పేదాంక మిగిలినయన్ని ఆగాలె. ఇయ్యాల గూడ బాపు తువ్వాల కట్టే ఎక్కిండు; నేను పొద్దుగాల సంది ట్రాన్స్‌ఫార్మర్ కింద కూసోని ల్యాప్‌టాప్‌ల గదే రాస్తున్న.

మళ్ల కొట్టిన. నెత్తి పగిలి నెత్తురు కండ్లల్లకు కారింది. శైలేందర్ చేతులు అడ్డం పెట్టిండు.

"నా బిడ్డ తోడు అన్నా, హ్యాండిల్‌కు తువ్వాల లేకుండె! వరి ఎండుతుందని ఆన్ చేసిన."

"అబద్ధం!" కామ మళ్ల లేపిన.

అప్పుడు బాపు దిక్కు చూసిన. తీగల మీద బోర్ల పడ్డ బాపు మెడల తువ్వాల ఉంది. సగం కాలి పొగ లేస్తుంది.

"చెమట కండ్లల్ల పడుతుంది బిడ్డా, నా తువ్వాల పట్కరా" అన్నడు బాపు, గడియ సేపటి కింద. ల్యాప్‌టాప్ పక్కకు పెట్టి హ్యాండిల్ కాడికి ఉరికిన, తువ్వాల ఇప్పి తెచ్చిచ్చిన.

కట్టినోడే తెమ్మని చెప్పిండు గద. నా భాషల గది తప్పు కాదు.