డిక్షనరీలో లేని మాట

"ఆ మాట యాడా లేదు సార్," అంది పుష్పవల్లి, చేతిలోని టిఫిన్ క్యారియర్ కింద పెడుతూ.

ఏ మాటో రంగనాథానికి తెలుసు. అయినా మేష్టరు మేష్టరే కదా, గొంతు సవరించుకున్నాడు.

"ఏ మాటమ్మా?"

"హెస్పెరోఫిలియా. హెస్పెరా అంటే సాయంకాలం, ఫిలియా అంటే ప్రీతి, గ్రీకులోంచి వచ్చిందని మీరే చెప్పినారు. నాకు శానా నచ్చింది సార్. అచ్చులో ఎట్లుంటాదో చూద్దామని వెతికినాను."

"నీది చిన్న డిక్షనరీ."

"తిరువళ్ళూరు లైబ్రరీలో పెద్దది చూసినాను. అందులోనూ లేదు."

రంగనాథం కిటికీలోంచి తిరుత్తణి కొండ వైపు చూశాడు. మెట్ల దారిలో దీపాలు వెలుగుతున్నాయి. రిటైరైన ఇంగ్లీషు మేష్టరు, పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. పుష్పవల్లి రాని రోజున ఆయన నోటి నుంచి వచ్చే మాటలు రెండే. మెస్సులో "రసం", ఆ తర్వాత "చాలు".

బ్యాంకు పరీక్షకు ఇంగ్లీషు మాటలు నేర్పమని ఈ పిల్ల వచ్చినప్పుడు, గ్రీకు మూలం ఒకటి పట్టుకుంటే పది మాటలు వాటంతటవే వస్తాయని ఊరించాడు. 'టెలి' అంటే దూరం, 'ఫోన్' అంటే శబ్దం అని మొదలుపెట్టాడు. రోజూ తిరువళ్ళూరులో టైపు క్లాసు ముగించుకుని, రైలు దిగి నేరుగా వచ్చేది. పరీక్ష వాయిదా పడిందని ఆమె చెప్పినప్పుడల్లా ఆయన కొండ మీది మురుగనికి మనసులో దండం పెట్టుకున్నాడు. వాయిదాలు పడుతూనే ఉన్నాయి. ఆయన దగ్గర సరుకే నిండుకుంది.

"ఆ మాట లేదమ్మా," అన్నాడు చివరికి. "నేనే కట్టినాను. నాకు తెలిసినవి ఎప్పుడో అయిపోయినాయి. అప్పుట్నుంచి దాని తల దీనికీ, దీని తోక దానికీ అతికించి చెప్తా ఉండాను."

"ఎందుకు సార్?"

"అయిపోయినాయంటే నువ్వు రావు గదా."

రంగనాథానికి తల కొట్టేసినట్టయింది. రేపటి సాయంకాలం ఎలా ఉంటుందో ఆయనకు ఇప్పుడే తెలుస్తోంది. అయినా గుండె రాయి చేసుకున్నాడు.

"రేపట్నుంచి రావద్దమ్మా. నేను చెప్పిన ఆ మాటలు పరీక్షలో రాసినావంటే నీ బతుకు పాడైపోతాది. మద్రాసులో మంచి ట్యుటోరియల్ చూసి చేరు. నాకు పొద్దు పోవడం కోసం నీ ఉద్యోగం పోకూడదు."

ఆమె క్యారియర్ తీసుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళింది. అంతే, అయిపోయిందనుకుని ఆయన తలుపు వేయడానికి లేచాడు. పుష్పవల్లి వెనక్కి వచ్చి, క్యారియర్ మళ్ళీ కింద పెట్టి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది.

"ఇంట్లో అన్నా వదినా ఎవురి పనిలో వాళ్ళుంటారు సార్. నన్ను పలకరించేవాళ్ళు లేరు," అంది తల వంచుకుని. "పరీక్ష ఎన్నడూ వాయిదా పడలా. పోయిన ఆడికృత్తిక తిరునాళ్ళ నుంచీ నేను తిరువళ్ళూరు బ్యాంకులోనే పని చేస్తా ఉండాను."