విత్తనపు సీసా

"నాలుగు సీసాలూ పోయినయ్యి అమ్మా. ఒక్క పురుగూ కదలట్లా."

శివనాగరాజు ఐదో సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. అందులోని ఉప్పునీళ్ళలో నలుసులంత కోపిపాడ్లు ఇంకా ఈదుతున్నాయి. తొట్టిలో ఉన్న మాండరిన్ చేప ప్రాణమున్న ఆ పురుగుల్ని తప్ప మరొకటి ముట్టదు. నరసరావుపేట ఎండకు సీసాలు ఒక్కొక్కటే ఉడికిపోయాయి. వారంగా చేపకు తిండి లేదు. పొట్ట వీపుకంటుకుని అడుగున పడి ఉంది.

"చేతిలోది పొయ్యవేందిరా?" అంది మస్తానమ్మ.

"ఇది విత్తనం. పదిహేను రోజులాగితే మళ్ళీ నాలుగు సీసాలవుద్ది."

"అది ఆగుద్దా పదిహేను రోజులు?"

నాగరాజు తొట్టి వైపు చూడలేదు. "విత్తనం తిన్న ఇల్లు నిలవదని నాయన అనేవాడు గదా. కరువులో గూడా జొన్నల కుండ మూత తియ్యలేదని నువ్వేగా చెప్పింది."

"చెప్పా. తర్వాతేడు పంటొచ్చిందనీ చెప్పా." మస్తానమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "మీ అక్క ఆ కుండ పక్కనే పడుకోని జావ కోసం ఏడ్చిందని చెప్పలా. మూడు రోజులు ఏడ్చి ఊరుకుంది."

"అక్క జొరమొచ్చి పోయిందన్నావు గదమ్మా?"

"ఊళ్ళో అట్టా చెప్పుకున్నాం."

నాగరాజు సీసాను కిందికి దించాడు. మస్తానమ్మ దాన్ని అందుకుని బిరడా తిప్పింది.

"యాడ పొయ్యాలో చూపీరా."

నాగరాజు తొట్టి మూత తీశాడు.