తిరుగు బరువు

డీజిల్ పోయాక మా రేవులో అన్ని పడవలకూ అద్దె బ్యాటరీలే. పొద్దున్నే బ్యాటరీలిచ్చే మిషన్ అడుగుతుంది: "తిరిగొచ్చేటప్పుడు చేప ఎంత?"

వేటకు ముందే చేప లెక్క చెబితే అరిష్టమని మా నమ్మకం. అందరం సున్నా అంటాం. ఖాళీ పడవే కదా అని అది చిన్న బ్యాటరీ ఇస్తుంది. నిన్న నిండు పడవతో వస్తుంటే నడిసముద్రంలో ఛార్జి తగ్గిపోయి, సగం చేపను నా చేతులతోనే పారబోశాను.

ఇవాళ కడుపు మండి, "ఆరు వందల కిలోలు!" అని అరిచాను.

"ఏటి బావా ఆ మాట! ఇంక పడినట్టే చేప!" అని నెత్తి కొట్టుకున్నాడు బామ్మర్ది గురయ్య.

"ఇన్నాళ్లూ నోరు మూసుకుని ఏటి బాగుపడ్డామురా?"

పెద్ద బ్యాటరీతో వెళ్లాం. మధ్యాహ్నానికి చేపల బరువుకు వల లాగలేక పడవలోని నలుగురం కూలబడ్డాం. ఎదురుగాలిలోనూ నిండు పడవ ఒడ్డుకు దూసుకొస్తుంటే, గురయ్య నా భుజాలు పట్టి ఊపేస్తున్నాడు.

"రేపు వెయ్యి చెప్పు బావా, వెయ్యి!"