మసిముద్ద మీంచి మాట

"మళ్ళీ పెట్టవే, సరిగ్గా వినపడలేదు," అంది అత్తగారు.

వినపడకేం, ఒక్కో ముక్కా కంఠతా వచ్చేసింది ఆవిడకి.

కోడలు నవ్వి మీట నొక్కింది. అంతరిక్షం నుంచి వచ్చే కబుర్లు అందుకోవడమే ఆ ఆఫీసులో ఆమె ఉద్యోగం. వారానికోసారి అత్తగారినీ ఆమె అద్దాలగదిలోకి రానిస్తారు. ఇవాళ సూపర్‌వైజరు స్వయంగా రెండు టీలు తెచ్చిపెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. మొగుడికి దూరంగా ఉన్న పిల్లని జాలిపడ్డాడు కాబోలు అనుకుంది అత్తగారు.

అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే గ్రహశకలాల్లో పెద్దదొకటి, ఒళ్ళంతా కర్బనం. దాని రాళ్ళను కాల్చి నీళ్ళు తీసే పనికి వెళ్ళాడు కోడలి మొగుడు, పెళ్ళైన నెలకే. ఏ ఓడైనా అక్కడికి చేరాలంటే ఏడాది పైమాటే. దాన్ని మసిముద్ద అంటారు వీళ్ళు.

స్పీకరులో అతని గొంతు మళ్ళీ పలికింది.

"అమ్మా, నీ మాడిన మూకుడు దీని ముందు వెండిగిన్నె! నా బరువిక్కడ పిల్లికూనంత. సొరంగం గోడలు కాస్త బీటలిచ్చాయిలే, ఏం కాదు. నీ కోడల్ని బెంగపడొద్దను."

"ఏం కాదట, వీడి మొహం!" అత్తగారు కళ్ళొత్తుకుంది. "పని మానేసి వచ్చెయ్యమని చెప్పవే. నా మాట చెవిన పెట్టడు. నువ్వంటే కదులుతాడు."

ప్రతివారం ఇదే పోరు. ప్రతివారం కోడలిది ఒకటే జవాబు: "ఇష్టపడి వెళ్ళిన మనిషిని ఎలా రమ్మంటాను అత్తయ్యా?"

ఇవాళ మాత్రం మైకు దగ్గరికి జరిగింది.

"ఏమండోయ్ బొగ్గుదొరగారూ! నీళ్ళు తీసింది చాలు. మీ దిండు నేనే కాజేశాను. కావాలంటే వచ్చి లాక్కోండి. వచ్చెయ్యండి. ఇవాళే బయల్దేరండి."

అత్తగారి మొహం వెలిగిపోయింది. "ఇన్నాళ్ళకి అడిగావే నా తల్లీ! వాడికి ఎప్పుడు వినపడుతుంది?"

"మాట అక్కడికి చేరడానికి అరగంట."

"అయితే జవాబొచ్చేదాకా నేనిక్కణ్ణించి కదిలేది లేదు." కొంగు సర్దుకుని, కాళ్ళు రెండూ కుర్చీలోకి తీసుకుని స్థిరంగా కూర్చుంది.

"కూర్చోండత్తయ్యా," అని కోడలు ఆవిడ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

ప్రమాదవార్త ముందు, ఇంటి కబుర్లు వెనక పంపడం అక్కడి యంత్రాల పద్ధతి. అతను అంతకుముందే చెప్పి ఉంచిన కబురుకన్నా ముందు, పొద్దున్నే కోడలు అందుకున్నది, సొరంగం కూలి ఎవరూ మిగల్లేదన్న వార్త.