శనివారం పాటలపెట్టె

“పాడకపోయినా పర్లేదమ్మా, చెక్క మెరిస్తే చాలు,” అంది డెల్సీ, మళ్లీ.

“అదేం మాటక్కా?” అన్నాడు తమ్ముడు నెవిల్. “పాడని గ్రామఫోను ఎందుకు, పిల్లి పడుకోవడానికా? ఇది నీ ముందుగదిలో ఉండాలి, నువ్వు రోజూ వినాలి. నేనుండే కారవాన్ బండిలో చోటుంటే నేనే తీసుకుపోయేవాణ్ని.”

లోర్నా నవ్వి పనిలో పడింది. ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ ఊళ్లో, పాత గూడ్సు షెడ్డులో ఆమె మరమ్మతుల దుకాణం. గురువారం వచ్చిందంటే ఊళ్లో పనీపాటా లేని ముసలివాళ్లందరూ అక్కడే. టీ కప్పులు పట్టుకుని బెంచీల మీద చేరి, ఎవరి తాతదో గడియారానికో, ఎవరి అత్తగారిదో కుర్చీకో ప్రాణం వస్తుంటే నోరు మెదపకుండా చూస్తారు. ఆ చేతుల్లో ఏముందోగానీ, చూస్తూ కూర్చుంటే మనసు కుదుటపడుతుంది. డాక్టరు రాసిచ్చే మాత్రల కంటే అదే నయం. డెల్సీ కూడా ఏళ్ల తరబడి వస్తున్నదే. తన పుట్టింటి వస్తువు ఆ బల్ల ఎక్కేదాకా ఆమెకూ అక్కడ హాయిగానే ఉండేది.

పాత ఇంటి వెనక రేకుల కొట్టు ఖాళీ చేస్తుంటే నెవిల్‌కు దొరికింది ఈ పెట్టె. చెడిపోయిందని నాన్న ఎప్పుడో అందులో పారేశాడు.

లోర్నా పళ్లచక్రాలను కిరసనాయిల్లో నానబెట్టి, రాయిలా గట్టిపడిన గ్రీజును బ్రష్షుతో వదలగొడుతోంది. ఊరికే కూర్చోవడం నెవిల్‌కు చేతకాదు. చెప్పిన కథే మళ్లీ మొదలుపెట్టాడు.

“శనివారం సాయంత్రం నాన్న పబ్బు నుంచి రాగానే ఇది తిప్పేవాడు. మమ్మల్నిద్దర్నీ పెరట్లోకి తోలేసి, తలుపేసుకుని అమ్మతో డాన్సు. మహా సిగ్గరి లెండి. నేలంతా ధనధనమనేది. ఆదివారం అమ్మ చర్చికి కూడా లేచేది కాదు.”

బెంచీ మీద వాళ్లు ముసిముసిగా నవ్వారు.

“మాకు గోడవతలికి వినపడేది,” అంది ఐరిస్ ట్రెలోర్. తొంభై దాటిన మనిషి, ఆ రోజుల్లో పక్కింటావిడ. “మీ అమ్మ అదృష్టవంతురాలు అనుకునేదాన్ని. ఈ ఊళ్లో పెళ్లాంతో డాన్సు చేసే మగాణ్ని నేనింకొకణ్ని చూడలేదు.”

డెల్సీ చేతిలో టీ చల్లారిపోయింది.

“దొరికాడు దొంగ,” అంది లోర్నా. పట్టకారుతో పైకెత్తి చూపించింది. తుప్పు పట్టిన తలపిన్ను. “రెండు పళ్లు విరగ్గొట్టింది ఇదే. దానంతటది పడే చోటు కాదే ఇది. ఎవరో దూర్చినట్టుంది.”

“ఎవరు దూరుస్తారు? డాన్సులో అమ్మ జడలోంచి జారుంటుంది. కదక్కా?”

డెల్సీ అటూ ఇటూ కాకుండా తలూపింది. తొమ్మిదేళ్లప్పుడు ఎక్కడ పట్టుబడతానో అని ఎంత హడలిపోయిందో, ఇన్నేళ్లకు మళ్లీ అంతే హడలిపోయింది.

మరుసటి గురువారానికి పని పూర్తయింది. లోర్నా గుడ్డ లాగేసరికి పెట్టె బెల్లం రంగులో నిగనిగలాడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

“తిప్పక్కా,” అన్నాడు నెవిల్.

డెల్సీ తిప్పలేదు. లేచి వెళ్లి షెడ్డు తలుపు బార్లా తెరిచింది.

“ఎండ కొడుతుందక్కా.”

“కొట్టనీ.”

పెట్టెతోపాటు దొరికిన రికార్డు వేసి నెవిలే తిప్పాడు. గరగరల మధ్య నుంచి వాల్జు డాన్సు పాట తేలివచ్చింది. బెంచీ మీద ఒకరిద్దరు గొంతు కలిపారు. నెవిల్ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు, దాచుకోలేదు కూడా. డెల్సీ తలుపు చెక్కను గట్టిగా పట్టుకుని నిలబడింది. ఆ పెట్టెను గొడ్డలితో నరకాలన్నంత కోపం వచ్చింది ఆమెకు.

“ఇదే, ఇదే పాట,” అంది ఐరిస్. “ఆగిపోయిన శనివారం నాకింకా గుర్తుంది. ఈ పాట లేదని మా ఆయన లేచి రేడియో పెట్టాడు.”

“గట్టిగా పెట్టాడా ఆంటీ?” అడిగింది డెల్సీ.

ఐరిస్ కప్పులోకి చూసుకుంది. “ఊఁ. గట్టిగానే.”

“ఆ పిన్ను నేనే దూర్చాను.”

నెవిల్ కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. “నువ్వా? ఎంత పని చేశావక్కా. నాన్న నీతో డాన్సు చేయలేదని ఉక్రోషమా?”

డెల్సీ తమ్ముడి వైపు చూడలేదు. ఐరిస్ మీద నుంచి చూపు తిప్పలేదు.

“పాట ఆగితే అమ్మ కేకలు మీకు వినపడతాయనుకున్నాను.”