మధ్యాహ్నానికి చల్లటి రొట్టె

బుడేన్‌బీ సొంతూరి వైపు చెయ్యేరు పొంగి ఊళ్ళను ముంచాక మూడో ఏడు అది.

కువైట్‌లో, ఫింటాస్‌లోని ఒక ఇంట్లో పనిచేసే బుడేన్‌బీ పొయ్యి దగ్గర నిలబడి ఫోన్‌లో నార్వే మాటలు వింటోంది. బ్రో అంటే రొట్టె. మెల్క్ అంటే పాలు. ఉస్త్ అంటే చీజ్. బుడేన్‌బీకి చదువు రాదని ఇంటి యజమానురాలు ఆ మాటలన్నీ తన గొంతుతోనే ఫోన్‌లో నింపి ఇచ్చింది.

పనివాళ్ళు మామా అని పిలిచే ఆ యజమానురాలిది నార్వే. ఉద్యోగం గడువు ఖలాస్. పది రోజుల్లో వెళ్ళిపోతోంది. తన కూతురు, నాలుగేళ్ళ నూరీని వెంట తీసుకుపోతోంది. బుడేన్‌బీకి ఆ దేశం వీసా లేదు. వస్తావా అని అడిగినవాళ్ళూ లేరు.

బుడేన్‌బీ చేతుల్లో పెరిగిన నూరీకి వచ్చిన తిండి మాటలు బువ్వ, పప్పు, ముద్ద. అక్కడి బడిలో ఆ మాటలతో అడిగితే ఏమీ పుట్టదు.

డ్రైవర్ హుస్సేన్ వలి గుమ్మంలో నిలబడి నవ్వాడు.

“మధ్యాన్నం ఆడ పొయ్యే ఎలిగించరంటక్కా. కాగితంలో సుట్టిన సల్లటి రొట్టె తినాలంట. మన నూరీ తింటాదా?”

“తినేట్టు చెయ్యాల్నే గదా.”

“పిల్లను ఇడిసి నువ్వుంటావా?”

బుడేన్‌బీ గిన్నె మీద మూత సర్దింది. 

మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నం వండడం మానేసి, ఫోన్‌లోని మాటతో అడిగితేనే రొట్టె అని నూరీకి నేర్పసాగింది. నూరీ కొంగు పట్టుకుని “అమ్మా, బువ్వ” అంది. వినపడనట్టు గిన్నెలు తోమింది. పిల్ల ఏడ్చి ఏడ్చి నేల మీదే నిద్రపోయింది. ఆ పూట బుడేన్‌బీ నోట్లో కూడా మెతుకు పడలేదు.

నాలుగో నాడు నూరీ కళ్ళు తుడుచుకుని “బ్రో” అంది. బుడేన్‌బీ రొట్టె మీద నార్వేవాళ్ళ గోధుమరంగు చీజ్ పరిచి ఇచ్చింది. అది బెల్లప్పాకంలా తియ్యగా ఉంటుంది. పిల్ల నమిలి మింగింది.

తొమ్మిదో నాటికి చేపను, ఆపిల్‌ను, మంచినీళ్ళను కూడా ఆ మాటల్లోనే అడుగుతోంది. ఆ మధ్యాహ్నం బుడేన్‌బీకి మనసు ఆగలేదు. పప్పన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టింది. నూరీ మొహం తిప్పుకుంది. రొట్టె తిని, “తక్ ఫర్ మాతెన్” అంది. తిండి పెట్టినవాళ్ళకు ఆ దేశంలో చెప్పే మాట అది. నాలుగేళ్ళలో నూరీ ఆమెకు అలా ఎన్నడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఇద్దరికీ తెలియదు.

మర్నాడు పొద్దున విమానాశ్రయంలో బుడేన్‌బీ పిల్ల చేతిని మామా చేతిలో పెట్టి, “ఇంగ ఆకలైతే నన్ను పిలవాకు తల్లీ, ఈయమ్మను అడుగు, నిన్ను కనింది ఈయమ్మే” అని చెప్పింది.