ముప్పై ఒకటో వారం

“మేడమ్, ఆవిడ ఫేక్!”

గర్భిణుల ‘కడుపు కబుర్లు’ గ్రూపులో ఒక టీచరు పెట్టిన మెసేజ్ అది. టైలరమ్మ ఒక చేత్తో బట్ట నడుపుతూనే రెండో చేత్తో ఫోన్ తీసింది.

నాలుగేళ్ల కిందట, తొలి కాన్పప్పుడు ఆ గ్రూపు మొదలుపెట్టింది ఆమే. ఇప్పుడు రెండోసారి, ఎనిమిదో నెల. గ్రూపులో ఎవరు ఏ భయం చెప్పుకున్నా ఆమె ఒకటే మాట రాసేది: “ఏం కాదులెండి, కంగారు పడకండి.”

“ఎవరు ఫేక్?”

“రోజూ హాజరు తీసుకుంటుందే, ఆవిడ! ‘బిడ్డ కదిలిందా? లెక్కపెట్టారా?’ అని ప్రాణం తీస్తుంది కదా! పేరు పక్కన ముప్పై ఒకటో వారం అని ఉంది. పోయినేడాది పోస్టులోనూ అదే! ఇదిగో, చూడండి.”

గ్రూపంతా గొల్లున నవ్వింది.

“లోపలున్నది ఏనుగుపిల్లేమో!”

“ఏనుగైనా ఈపాటికి కనేసేది వదినా!”

టైలరమ్మకు నవ్వు రాలేదు. మోసమంటే ఆమెకు పడదు. నేరుగా ఆవిడనే అడిగింది.

“మీరు నిజంగా గర్భవతేనా?”

“కాదండీ.”

“మరి ఇక్కడేం పని మీకు? తీసేస్తున్నాను.”

“తీసేయండి. ఒక్క మాట. పొద్దుటి నుంచి మీ బిడ్డ కదిలిందా?”

‘ఇంకా సిగ్గు లేదు!’ అనుకుంటూ టైలరమ్మ ఆ పేరు తొలగించింది.

మళ్లీ పెడల్ మీద కాలు వేసింది. నాలుగు కుట్లు పడ్డాయి.

కాలు ఆగిపోయింది.

మిషను చప్పుడు లేని గదిలో పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. చల్లటి నీళ్లు తాగింది. ఎడమవైపు తిరిగి పడుకుంది.

ఏ కదలికా లేదు.

“ఏమండీ! బండి తీయండి!”

ఆపరేషన్ గదిలో డాక్టరమ్మ గ్లౌజులు తొడుక్కుంటూ అడిగింది.

“ఆలస్యం చేయకుండా వచ్చారు. ఎవరు పంపారు?”

“ఎవరో... నాకు తెలియదండీ.”

పాప ఏడ్చింది. సన్నటి గొంతే, కానీ ఏడ్చింది.

మూడో రోజు వార్డులోంచే ఆవిడను గ్రూపులోకి తిరిగి పిలిచింది టైలరమ్మ. క్షమించమని రాసింది. జవాబు లేదు. ఐదో రోజూ లేదు.

అసలు ఎవరీవిడ?

ఆవిడ పాత పోస్టులన్నీ వెనక్కి జరుపుకుంటూ వెళ్లింది. మొట్టమొదటిది నాలుగేళ్ల కిందటిది.

“నాకు ముప్పై ఒకటో వారం. నిన్నటి నుంచి బిడ్డ కదలడం లేదు. ఆసుపత్రికి వెళ్లాలా?”

దాని కింద ఒకే ఒక్క జవాబుంది, టైలరమ్మ రాసింది: “ఏం కాదులెండి, కంగారు పడకండి.”